నైరుతి మూల బరువు

చైత్ర బహుళ తదియ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అనేవారు మా పెద్దలు. ఇప్పుడు ఎవరూ ఇల్లు కట్టి చూడక్కర్లేదు, ఎక్కి చూస్తే చాలు. ఈరోజు మేమిద్దరం ఎక్కి చూశాం.

విశాఖలో పాత బీచి రోడ్డు మునిగిన చోట లంగర్లు వేసి నిలబెట్టారు దాన్ని. ఆరంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఇళ్ళు, అడుగున ఓడకు ఉన్నట్టు బోలు కడుపు. కంపెనీ పెట్టిన పేరు నోరు తిరగదు. ఊళ్ళో అందరూ తెప్ప అంటున్నారు, నేనూ తెప్ప అనే రాస్తాను. ఈ నీళ్ళ మీద పడవ ఆటో నడిపి బతుకుతున్న దాన్ని, తేలేదాన్ని చూసి నాకు బెదురు లేదు.

చూపించిన అమ్మాయి ఒకటే పాఠం చదివింది. "అన్ని ఇళ్ళకీ తూర్పు గుమ్మమే మేడమ్. ఈశాన్యంలో దేవుడి గది, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పడకగది. ఏ ఇంట్లో చూసినా ఇదే ప్లాను. లంగరు ఉంది కాబట్టి తెప్ప తిరగదు, మీ దిక్కు మారదు."

మా ఆయన కూర్మారావు అదేమీ వినలేదు. తిన్నగా పడకగదిలోకి పోయి నైరుతి కిటికీ తీసి నిలబడ్డాడు. ఊరు మునిగిన దగ్గర్నుంచీ మేం గుట్ట మీద రేకుల షెడ్డులో ఉంటున్నాం. గోడలు చెమ్మ, పరుపు చెమ్మ, చివరికి ఆయన ఊపిరితిత్తులు కూడా చెమ్మే. షెడ్డు మారకపోతే ఇంకో రెండు వానాకాలాలు కష్టం అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలుసు.

"గాలి బాగున్నాది కొండా," అన్నాడు కిటికీ దగ్గర్నుంచి. నా పేరు అప్పలకొండ. ఊరికి కొండమ్మని, ఆయనకి కొండని.

అడ్వాన్సు కట్టేశాం. కట్టగానే ఈ దినచర్య పుస్తకం చేతిలో పెట్టారు. రోజూ తెప్ప మట్టం చూసి, కింద రెండు మాటలు రాయాలట. రెండు మాటలతో సరిపెట్టుకునే నోరు కాదు నాది. తేదీలకు బదులు తిథులు వేస్తున్నాను. పున్నమికీ అమావాస్యకీ పోటెక్కి దారులు మునిగే ఊళ్ళో తేదీలతో పనేముంది.

వైశాఖ శుద్ధ పంచమి

గృహప్రవేశం. ముహూర్తం ఒకటే కాబట్టి అన్ని ఇళ్ళవాళ్ళూ ఈరోజే చేశారు. పంతుళ్ళు చాలినంతమంది వచ్చారు గానీ ఆవు ఒక్కటే దొరికింది. దాన్ని నా పడవలోనే తెచ్చాను, మధ్యలో నిలబెట్టి. పాపం, లిఫ్టులో ఎక్కి దిగి, ఎక్కి దిగి, మా నాలుగో అంతస్తుకు వచ్చేసరికి గడప దాటనని మొండికేసింది. కూర్మారావు దాని చెవిలో ఏదో చెప్పి లోపలికి నడిపించాడు.

సామాన్లు నిన్ననే చేర్చాం. ఎవరి బరువులు వాళ్ళు నైరుతి మూలలో సర్దుకున్నారు. నైరుతి బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి. పసిపిల్లకైనా తెలిసిన సంగతే. మేం బీరువా పెట్టాం, బియ్యం డ్రమ్ము పెట్టాం, వాటి ముందు మా అమ్మ రుబ్బురోలు పెట్టాం. ఆ రోలు నలుగురు మోస్తే గానీ లేవలేదు. పడకగదిలో రోలేమిటని కూర్మారావు నవ్వాడు. నేను నవ్వలేదు. మునిగిపోయిన మా పాత ఇంట్లో నైరుతిలో నీళ్ళ సంపు తవ్వించాం. ఆ ఏడాదే ఆయన పోర్టులో క్రేను మీంచి పడ్డాడు. నైరుతి తేలికైతే ఇంటి యజమానికే కీడు అంటారు. ఒకసారి చూశాను, చాలు.

కిటికీ మూసుకుపోయింది బీరువా వెనక. అదొక్కటే లోటు.

పాలు పొంగించాం. తూర్పుకు పొంగాలి కదా, నైరుతికి కారాయి. గభాలున కొంగుతో తుడిచేశాను. పక్కింటి జోగారావు మాస్టారి భార్య సుభద్రమ్మగారు వచ్చి, "ఎటు పొంగాయమ్మా?" అన్నారు. "తూర్పుకేనండి. మీకో?" అన్నాను. "మాకూ తూర్పుకే," అన్నారు. ఆవిడ కొంగు కూడా తడిగా ఉంది.

వైశాఖ శుద్ధ దశమి

అలవాటు పడుతున్నాం. గుమ్మం పక్కన గోడకు అరచేతంత గాజు బిళ్ళ ఉంది, లోపల నూనె, అందులో ఒక బుడగ, మధ్యలో ఎర్ర గుండ్రం. బుడగ గుండ్రంలో ఉంటే తెప్ప సమంగా ఉన్నట్టు. ఒక పక్క కుంగితే బుడగ ఎత్తు పక్కకు పోతుంది. దీన్నే మట్టం అంటున్నారు.

తెప్పను చూసుకోవడానికి మనిషి లేడు, గోడలో ఒక గొంతు ఉంది. దాని పేరు సరంగు. ఎటు కుంగితే దానికి ఎదుటి పక్క అడుగు తొట్లలో నీళ్ళు నింపి సరిచేస్తుంది. పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. ప్రొద్దున్నే, "శుభోదయం అప్పలకొండ గారూ, నేడు పోటు మధ్యాహ్నం వస్తుంది," అంటుంది. గారూ అని నన్ను పిలిచిన వాళ్ళు ఇంతవరకు లేరు. అలవాటు చేసుకోవాలి.

ఒక మండలం, అంటే నలభై రోజులు, ఇలా ఉండి చూడాలి. జ్యేష్ఠ పౌర్ణమినాడు, పోటు మీదున్నప్పుడు తీరపాలక మండలి నుంచి తనిఖీకి వస్తారు. బుడగ గుండ్రంలో ఉంటే ఆ క్షణమే రిజిస్ట్రేషను. లేకపోతే తెప్పను లాక్కుపోయి మళ్ళీ యార్డులో పెడతారు, మేమంతా మళ్ళీ షెడ్లకు, వరసలో అందరికంటే చివరికి. మళ్ళీ వంతు రావడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఈరోజు బుడగ గుండ్రం గీతను తాకుతోంది, ఈశాన్యం పక్క.

వైశాఖ పౌర్ణమి

బుడగ గీత దాటింది. ఈశాన్యానికే. మెట్ల దగ్గర కలిసిన ఆడవాళ్ళంతా, బుడగ ఈశాన్యానికి పోవడం శుభమే కదా అని సంతోషపడుతున్నారు. దానికి తోడు సరంగు, "సరిచేయుటకు ఈశాన్యపు తొట్లలో నీరు నింపుతున్నాను," అని చెప్పింది. ఈశాన్యంలో నీళ్ళు! ఇంకేం కావాలి. మూడో అంతస్తులో ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు.

స్నానాల గదిలో నీళ్ళు మాత్రం కాలువకు పోకుండా ఎదుటి మూలకు పోయి నిలుస్తున్నాయి.

వైశాఖ బహుళ షష్ఠి

మొన్న సరంగు అందరి ఇళ్ళలోనూ ఒకేసారి చెప్పింది. "ఈశాన్యపు తొట్లు పూర్తిగా నిండాయి. తెప్ప నైరుతి దిశగా కుంగుతోంది. ప్రతి ఇంటిలో నైరుతి మూలనున్న బరువులను దయచేసి మధ్యకు జరపండి."

అప్పుడు గానీ మా బుర్రలకు తట్టలేదు. ఇళ్ళన్నిటికీ ప్లాను ఒకటే. నైరుతి ఒకటే. అందరి బీరువాలూ, డ్రమ్ములూ, రోళ్ళూ ఒకే పక్క పోగయ్యాయి. ఇక్కడ నన్ను నేను తిట్టుకోవాలి. ఉదయం లేస్తే నేను చేసే పనేమిటి? "అమ్మా, మీరు ఇటు రండి, బాబూ, ఆ మూట మధ్యలో పెట్టు," అని పడవ సమం చేయడమే. పడవలో పనికొచ్చిన బుర్ర ఇంటికి రాగానే మూలన కూర్చుంది, రోలు పక్కన.

కానీ జరపడం ఎవరికీ ఇష్టం లేదు. సుభద్రమ్మగారు మా ఇంట్లోంచే సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. ఆయన తెరమీద కనబడి అంతా విన్నారు. ముఖం గంభీరంగా పెట్టారు.

"నైరుతి పల్లమైందా? చాలా దోషం. ఈశాన్యం కంటే నైరుతి ఎత్తుగా ఉండాలి. పల్లమైంది గనక దోషపరిహారం చెయ్యాలి."

"ఏం చెయ్యాలండీ?" అన్నారు సుభద్రమ్మగారు.

"నైరుతిలో బరువు పెంచండి."

పెంచాం. చెప్పుకుంటే సిగ్గు. రెండు రోజులపాటు నా పడవకు అదే బేరం, గుట్ట దగ్గర్నుంచి నల్లరాళ్ళు, ఇంటికి ఇన్నని. మా ఇంటికీ తెచ్చుకున్నాను. మా ఆయన మంచం మీద కూర్చుని నేను రోలు పక్కన రాళ్ళు పేర్చడం చూశాడు.

"పడవలో అయితే ఇలాగ ఎక్కిస్తావేటే?" అన్నాడు.

"పడవకి కీడు తగిలే యజమాని లేడు మావా. ఇంటికి నువ్వున్నావు," అన్నాను.

వైశాఖ అమావాస్య

పోటు గట్టిగా ఉంది. తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి. వంటింట్లో నిమ్మకాయ ఒకటి కిందపడి, హాలు దాటి, పడకగది దాటి, తిన్నగా పోయి రోలుకు తగిలి ఆగింది. బుడగ గుండ్రానికి చాలా దూరంలో ఉంది. ఇప్పుడు ఎవరూ శుభం అనడం లేదు.

తీరపాలక మండలి నుంచి కబురొచ్చింది. తనిఖీకి వచ్చే అధికారి పేరు మేరీ సరోజిని. పోయిన ఏడు భీమిలి దగ్గర ఒక తెప్పను వెనక్కి పంపింది ఈవిడేనట.

కూర్మారావు దగ్గు ఇక్కడికి వచ్చాక తగ్గింది గానీ పోలేదు. పడకగదిలో గాలి ఆడటం లేదు. కిటికీ ఉంది, బీరువా వెనక.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

డాబా మీద మీటింగు. మా సంఘానికి జోగారావు మాస్టారు అధ్యక్షులు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. నైరుతిలో పుస్తకాల బీరువాలు మూడున్నాయి, వాటి పైన రాళ్ళు.

"నాకు వాస్తు మీద బొత్తిగా నమ్మకం లేదు," అని మొదలుపెట్టారు. "మా ఆవిడ కోసం పెట్టాను."

"నాకు మాత్రం ఉందా?" అన్నారు సుభద్రమ్మగారు. "మీ ఆరోగ్యం కోసం పెట్టాను."

నమ్మకం లేదన్న వాళ్ళే ఎక్కువ తేలారు. అందరికీ లేదు, ఇంట్లో ఇంకెవరికో ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

మరి ముందు ఎవరు జరుపుతారంటే నోరెత్తిన వాళ్ళు లేరు. "మీరు జరపండి, మీ వెనకే మేమూ," అని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకు మర్యాద చేశారు. చివరికి సరంగే దారి చెప్పింది. ఏకాదశి ఉదయం, తాను గంట కొట్టగానే, అందరూ ఒకేసారి జరపాలి. ముందూ లేదు, వెనకా లేదు. చేతులెత్తమంటే అందరం ఎత్తాం. నేను రెండు చేతులూ ఎత్తాను.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

సరంగు గంట కొట్టింది. నేను రోలు దగ్గర నిలబడ్డాను. అందరూ జరుపుతున్నారు కదా, ఒక్క మా ఇంటి రోలుతో తెప్పేం మునగదు, ఆయనకు మాత్రం మంచి జరుగుతుంది అనుకున్నాను. గుమ్మం దగ్గరికి పోయి బుడగ కోసం చూశాను.

బుడగ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"సరంగూ, ఎవులెవులు జరిపేరు?" అన్నాను.

"ఒకరి ఇంటి విషయం మరొకరికి చెప్పరాదు, అప్పలకొండ గారూ. మొత్తం మీద మాత్రం చెప్పగలను. జరిపిన ఇళ్ళు: సున్న."

మెట్ల మీద మాస్టారు ఎదురుపడ్డారు. నేను ఆయన ముఖం చూడలేదు, ఆయన నా ముఖం చూడలేదు. "ఎండలు ముదిరాయి కదమ్మా," అన్నారు. "అవునండి మాస్టారూ," అన్నాను.

జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి

మధ్యాహ్నం బేరాలు లేక తొందరగా ఇంటికి వచ్చాను. పడకగదిలో కూర్మారావు నేల మీద కూర్చుని, వీపు బీరువాకు ఆనించి, రెండు కాళ్ళతో రోలును తన్ని తోస్తున్నాడు. ముఖం నల్లబడి ఉంది. ఊపిరి ఈల వేస్తోంది. రోలు జానెడు కదిలింది.

నాకు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు ముందు వచ్చేది కోపమే.

"ఏటి మావా ఇది? సచ్చిపోదామనేటి?"

"రేపు తనిఖీ కదే. ఎవులో ఒకలు మొదలెట్టాల."

"నువ్వేనా మొదలెట్టీది? ఆ మూల తేలికైతే పడీది నీ నెత్తి మీదే. సంపు తవ్వినపుడు ఏటైందో మరిసిపోనావా?"

ఆయన ఊపిరి తీసుకున్నాడు. "క్రేను తీగ తెగింది కొండా. తుప్పట్టిన తీగ. నాను మూడుసార్లు సెప్పేను దాన్ని మార్చమని. నీకు సంపు గురుతున్నాది, నాకు తీగ గురుతున్నాది."

ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా. "కీడు కీడంటావు. మల్లీ ఆ షెడ్డులోకి ఎల్లడం కన్నా కీడేటే నాకు?"

అయినా ఏం చేశానో దాచను. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, ఆయన జానెడు జరిపిన రోలును మళ్ళీ మూలకు నెట్టేశాను. నెడుతుంటే ఏడుపొచ్చింది. నా భయం నాకే అసహ్యం వేసింది, అయినా నెట్టాను.

తర్వాత బాల్కనీలో నిలబడితే ఒక ఆలోచన వచ్చింది. పడవలో సామాను కదలనప్పుడు నేనేం చేస్తాను? మనుషుల్ని జరుపుతాను. బీరువాకి దిక్కుంది, డ్రమ్ముకి దిక్కుంది, మనిషి ఎక్కడ నిలబడాలో ఏ వాస్తూ చెప్పలేదు. పరుగున పోయి మాస్టారికి చెప్పాను. మాస్టారు లెక్క వేసి, "సరిపోతుందమ్మా! చివరంచున నిలబడితే తూకపు బారు ఎక్కువ కదా, సరిపోతుంది!" అని చిన్నపిల్లాడిలా గెంతారు. సాయంత్రానికి ఇళ్ళన్నీ తిరిగి చెప్పాం. రోళ్ళు జరపమంటే వినని వాళ్ళు, డాబా ఎక్కి ఈశాన్యంలో నిలబడమంటే ఒక్క మాటకు ఒప్పుకున్నారు.

జ్యేష్ఠ పౌర్ణమి

ఈరోజు చాలా రాయాలి.

పోటు వచ్చేసరికి అందరం డాబా మీద, ఈశాన్యం మూలలో, పెళ్ళి ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాం. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరూ. కూర్మారావును రావద్దన్నాను. "నాదీ బరువే కదా," అని వచ్చేశాడు.

తనిఖీ లాంచీ వచ్చింది. సరోజినిగారు కింద గుమ్మంలో పెద్ద మట్టం చూసి పైకి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, ఎండ టోపీ, చేతిలో పలక.

"బుడగ గుండ్రం మధ్యలో ఉంది," అన్నారు. మా వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. "చాలా బాగుంది. ఇంతకీ మీరంతా ఇక్కడెందుకున్నారు?"

"సత్సంగమండి," అన్నారు మాస్టారు. "పౌర్ణమి కదా."

"కానివ్వండి. నేనూ వింటాను. పోటు తగ్గేదాకా నాకు పనిలేదు." ఆవిడ ఒక కుర్చీ తెప్పించుకుని, నీడలో వేసుకుని, టీ ఉందా అని అడిగారు.

ఎవరో భజన ఎత్తుకున్నారు. రెండు చరణాల తర్వాత ఎవరికీ రాలేదు, మళ్ళీ మొదటికి వచ్చారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆవిడ టీ తాగుతోంది, మమ్మల్ని చూస్తోంది, తొందర లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. కూర్మారావుకు దగ్గు మొదలైంది. నా భుజం పట్టుకున్నాడు.

సరోజినిగారు లేచారు. "ఆయన్ని నీడలోకి తీసుకురండి. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చోబెట్టండి."

"వద్దమ్మా," అన్నాడు కూర్మారావు దగ్గు మధ్యలో. "నాను కదిలితే బుడగ కదిలిపోద్ది."

భజన ఆగిపోయింది. మాస్టారు తల దించుకున్నారు.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "నైరుతి బరువులే కదా?" అన్నారు. "భీమిలిలో కూడా ఇదే. చర్చికి వెళ్ళే వాళ్ళం కదా అని మాకు ఇవన్నీ తెలియవనుకోకండి. మా అమ్మ బీరువా కూడా నైరుతిలోనే ఉంది, కదిపితే ఊరుకోదు. కానీ మీరు ఇక్కడ ఎన్నాళ్ళు నిలబడతారు? పోటు తగ్గడానికి ఇంకా గంట ఉంది. అప్పటికి ఈ డాబా మీద ఎవరూ లేకుండా బుడగ గుండ్రంలో ఉంటే రాస్తాను. లేదా యార్డుకు కబురు చేస్తాను."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ అదే మర్యాద మొదలవబోతోంది. నేను కూర్మారావును చూశాను. ఆయన నన్ను అడగలేదు, బతిమాలలేదు. కళ్ళు మూసుకుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. నా భుజం మీద ఆయన బరువు ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. ఈ మనిషిని కాపాడటానికా నేను ఆ కిటికీకి రాళ్ళు అడ్డం పెట్టింది అనిపించింది. అయినా భయం పోలేదు. పోనప్పుడు దాన్ని మోసేదేదో నేనే మోస్తే సరి.

"అమ్మా, ఇంటి యజమాని పేరు ఇయ్యాలే రాస్తారా?" అన్నాను.

"పాసైతే ఇప్పుడే రాస్తాను."

"మా ఇంటికి కూర్మారావని ఉంటాది. అది కొట్టీసి నా పేరు రాయండి. ఎం. అప్పలకొండ. ముందు ఆ పేరు రాసీండి, నాను ఎల్లి రోలు జరిపీసి వస్తాను."

ఆవిడకు అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థమైంది. సుభద్రమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరికంటే ముందు అర్థమైంది కూర్మారావుకు. కళ్ళు తెరిచాడు.

"నీకు బుర్రున్నాదేటే? కీడు నీ నెత్తినెట్టుకుని నన్ను కాటికి కాపలా కూకోమంటావా?"

"నువ్వూరుకో మావా."

"నానూరుకోను. అమ్మా, ఇద్దరి పేర్లూ రాయండి. ఈ దిక్కుమాలిన కీడు వస్తే సగం సగం పడద్ది. సగానికి ఎవులూ సావరు."

ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఎవరో ముక్కు చీదారు. సరోజినిగారు మా ఇద్దరినీ చూసి, పలక మీద రాశారు. రాసింది మాకు చూపించారు. రెండు పేర్లు, పక్కపక్కన.

నేను మెట్లు దిగాను. నా వెనక సుభద్రమ్మగారు దిగారు. "మాకూ ఇద్దరి పేర్లూ రాయండమ్మా," అని పైకి కేకేసి మరీ దిగారు. ఆ తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు తెగలేదు. జనం దిగేసరికి బుడగ గుండ్రం దాటి ఎక్కడికో పరిగెత్తింది. తెప్ప మూలిగింది. నేను రాళ్ళు మోశాను, డ్రమ్ము దొర్లించాను. రోలు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు చొక్కా విప్పి వచ్చారు, వాళ్ళ అల్లుడు వచ్చాడు, పై ఇంటివాళ్ళు వచ్చారు. నలుగురం పట్టాం. రోలు హాలు మధ్యకు వచ్చింది. బీరువా వచ్చింది. తర్వాత మేమంతా పోయి మాస్టారి పుస్తకాలు పట్టాం. ఆరంతస్తుల్లోనూ నేల మీద సామాన్లు ఈడుస్తున్న చప్పుడే.

"మట్టం మారుతోంది," అంది సరంగు. కాసేపటికి మళ్ళీ, "మట్టం మారుతోంది." దాని పుస్తకాల గొంతులో కూడా హుషారు వినిపించింది, లేదా నాకే అలా అనిపించింది.

పోటు తగ్గే వేళకు డాబా మీద కుర్చీలో కూర్మారావు, పక్కన గొడుగు పట్టుకుని సరోజినిగారు తప్ప ఎవరూ లేరు. బుడగ గుండ్రంలో ఉంది. మధ్యలో కాదు, ఒక ఓరకు ఉంది. ఆవిడ చాలన్నారు.

పేర్లు రాయడానికి మాత్రం సాయంత్రమైంది. అన్ని ఇళ్ళకూ రెండేసి రాయాల్సి వచ్చింది.

జ్యేష్ఠ బహుళ చవితి

రుతుపవనాలు వచ్చాయి. గుట్ట మీద షెడ్ల వైపు మబ్బు నల్లగా కమ్ముకుంది. ఈ వాన మాకు రేకుల మీద మోగదు అని పొద్దున్నుంచీ చాలాసార్లు అనుకున్నాను.

సామాన్లు హాలు మధ్యలో కుప్పగా ఉన్నాయి. రోలు మీద బట్ట కప్పి టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం. పడకగదిలో నైరుతి మూల ఖాళీ. కిటికీ తెరిచి ఉంది. గాలంతా అటునుంచే వస్తోంది. నైరుతి రుతుపవనం నైరుతి నుంచి కాక ఎటునుంచి వస్తుంది! ఇన్నాళ్ళూ దానికి అడ్డంగా రాళ్ళు పేర్చాను.

భయం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధం. నిన్న ఆయన రెండుసార్లు తుమ్మితే రెండుసార్లూ ఉలిక్కిపడ్డాను. అది చూసి కూర్మారావు కుర్చీ తీసుకుపోయి ఆ ఖాళీ మూలలో, కిటికీ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"మూల బరువుండాలన్నావు కదా. ఇదిగో, నానున్నాను," అన్నాడు.

పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడు. గాలికి జుట్టు ఎగురుతోంది. దగ్గు వస్తోంది గానీ మునుపటి ఈల లేదు. వాన జల్లు మోకాళ్ళ మీద పడుతున్నా కదలడు.

ఇందాక సరంగు పలికింది. "అప్పలకొండ గారూ, మీ ఇంటి నైరుతి మూలలో నలభై తొమ్మిది కిలోల బరువు చాలాసేపటి నుంచి కదలకుండా ఉంది. దయచేసి జరపగలరా?"

ఆ బరువు నా వైపు తిరిగి నవ్వింది.

"జరపను," అన్నాను. "ఆ బరువు అక్కడే ఉండనీ."